చేతి మరా, కరెంటు మరా? కాఫీ గింజల లెక్క

కోఠీలో ఒక ఎలక్ట్రికల్ షాపుకెళ్లి "కాఫీ గ్రైండర్ ఉందా అన్నా?" అని అడిగాను. కౌంటర్ దగ్గరున్నతను లోపలికి తిరిగి "రెండు లీటర్ల గ్రైండర్ ఒకటి తే" అని కేకేశాడు. ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్ వచ్చింది. అది కాదు, కాఫీ గింజలు పొడి చేసేది అన్నాను. వెంటనే మిక్సీ తీసి నా ముందు పెట్టాడు. "ఇండ్ల ఏదైనా నలుగుతది సార్. పసుపు కొమ్ములు కూడా ఏస్కోవచ్చు" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. మిక్సీలో కాఫీ గింజలు నలుగుతాయి. ఎలా నలుగుతాయన్నదే చిక్కు.

హైదరాబాద్ చాయ్ ఊరు. ఇక్కడ కాఫీ అంటే చాలాకాలం రెండే రకాలు. ఒకటి సీసాలో దొరికే ఇన్‌స్టంట్ పొడి. రెండోది చిక్కడపల్లి, నల్లకుంట, పద్మారావునగర్, మారేడ్‌పల్లి వైపు ఇళ్లలో పొద్దున్నే దిగే ఫిల్టర్ డికాక్షన్. ఇప్పుడు అరకు, చిక్కమగళూరు, కూర్గు గింజలు వేయించిన తేదీ అచ్చువేసుకుని మరీ కొరియర్‌లో ఇంటికొస్తున్నాయి. ప్యాకెట్ విప్పి వాసన చూసి మురిసిపోయాక అసలు ప్రశ్న మొదలవుతుంది: వీటిని పొడి చేసేదెలా? తెలిసినవాళ్లను అడిగితే సగం మంది చేత్తో తిప్పేదే కొనమంటారు, మిగతా సగం ఈ రోజుల్లో చేత్తో ఏంటి, కరెంటుది తీసుకోమంటారు. నా మటుకు నాకు తిప్పేది ఎవరన్నది రెండో ప్రశ్న. లోపల తిరిగేది ఏమిటన్నది మొదటిది.

తిరగలి చూసినవాళ్లకు ఇది అరక్షణంలో అర్థమవుతుంది. తెలంగాణలో ఇసుర్రాయి అంటారు. కింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. పైన కన్నంలో పోసిన కందులు రెండు రాళ్ల సందులోకి జారి, నలిగి, అంచుల నుంచి రాలతాయి. సందు ఎక్కువుంటే పప్పు, తగ్గిస్తే రవ్వ, ఇంకా తగ్గిస్తే పిండి. సందుకన్నా పెద్ద ముక్క బయటికి రాలేదు. సందులో పట్టేంత చిన్నదైన ముక్క లోపల ఉండిపోయి మళ్లీ మళ్లీ నలగదు. కాఫీ మరల గురించి చెప్పేవాళ్లు 'బర్' అనేది దీన్నే. అరచేతిలో పట్టే తిరగలి అన్నమాట. స్టీలుతోనో సెరామిక్‌తోనో చేసిన రెండు పళ్ల చక్రాలు. ఒకటి శంకువులా ఉండి, రెండోది దాని చుట్టూ గిన్నెలా ఉంటే కోనికల్ అంటారు. రెండూ పళ్లేల్లా ఎదురెదురుగా ఉంటే ఫ్లాట్. చేతి మరలు దాదాపు అన్నీ కోనికల్. కరెంటువి రెండు రకాలూ ఉంటాయి. నేను వీటిని ఇకమీదట రాళ్లనే అంటాను.

మిక్సీ కథ వేరు. అందులో సందు లేదు, దెబ్బ ఉంది. గింజకు ఎన్ని దెబ్బలు తగిలితే అంత చిన్నదవుతుంది. బ్లేడు కింద చిక్కిన గింజ క్షణంలో బూడిదవుతుంది. జారు గోడకు ఎగిరిపోయింది సగం ముక్కగా మిగులుతుంది. సరే, ఆ సగం ముక్కల కోసం ఇంకాసేపు తిప్పితే, అప్పటికే బూడిదైంది మైదా అవుతుంది. వెయ్యి, పదిహేను వందలకు 'కాఫీ గ్రైండర్' అని అమ్మే చిన్న బ్లేడు యంత్రాలు కూడా పొట్టి మిక్సీలే. కరెంటుతో నడిచినంత మాత్రాన వాటిని ఈ పోటీలోకి తీసుకురాకూడదు.

మాటలెందుకని ఒక ఆదివారం వంటింటి గట్టు మీద పాత పేపరు పరిచి చూశాను. ఒకే ప్యాకెట్‌లోంచి 20 గ్రాములు మిక్సీ చిన్న జారులో, 20 గ్రాములు చేతి మరలో. రెండు కుప్పలు పోసి, పిండి జల్లెడతో వేర్వేరుగా జల్లించాను. మిక్సీ కుప్ప జల్లెట్లో మిగిల్చింది సగానికి విరిగిన గింజలు, పొట్టు. కిందికి దిగింది వేలి గీతల్లోకి ఎక్కిపోయేంత మెత్తటి పొడి. చేతి మర కుప్పలో కూడా కొంత దుమ్ముంది, లేకుండా ఏ మరా పొడి చేయలేదు. కానీ మిగతాదంతా ఒకే తీరుగా ఉంది. అమ్మ వచ్చి రెండిటినీ చూసి "ఇది బొంబాయి రవ్వలా ఉంది, అది రోట్లో దంచిన కారంలా ఉందిరా" అంది. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

రవ్వలా ఉంటే ఏమిటి లాభం? వేడినీళ్లు కాఫీలోంచి అన్నిటినీ ఒకేసారి లాగవు. ముందు పులుపు, తర్వాత తీపి, చివర్లో చేదు, వగరు దిగుతాయి. మెత్తటి పొడిలో ఈ ప్రయాణం చాలా తొందరగా ముగిసిపోయి చేదులోకి వెళ్లిపోతుంది. పెద్ద ముక్కలో నీరు లోపలికి చేరేలోపే టైమ్ అయిపోతుంది, పులుపూ పలచనా మిగులుతాయి. ముక్కలు రెండు రకాలూ కలిసి ఉంటే ఒకే కప్పులో రెండు తప్పులూ ఉంటాయి. పొడి మరీ సన్నగా ఉందనుకుంటే ముతక చేసుకోవచ్చు, ముతకగా ఉంటే సన్నగా చేసుకోవచ్చు. రెండూ కలిసి ఉన్నదాన్ని మాత్రం సరిచేయడానికి దారి లేదు. మన ఇత్తడి, స్టీలు ఫిల్టర్లలో ఇంకో ముచ్చట కూడా ఉంది. ఆ మైదా అడుగుకు చేరి చిల్లుల్ని మూసేస్తుంది. డికాక్షన్ దిగదు. పొద్దున్నే పాలు పొంగుతుంటే, ఫిల్టర్ నెత్తిన గరిటెతో కొడుతూ నిలబడే ఆ టెన్షన్ మన ఇళ్లలో అందరికీ తెలిసిందే.

ఇక్కడే ఒక నిజం ఒప్పుకోవాలి, ఎందుకంటే గ్రైండర్లు అమ్మేవాళ్లు ఇది చెప్పరు. మీరు తాగేది చిక్కరీ కలిపిన పొడి, చిక్కటి పాలు, రెండు చెంచాల చక్కెర అయితే ఈ తేడా చాలావరకు గ్లాసులో కనిపించదు. కాఫీ, చిక్కరీ మిశ్రమంలో కనీసం 51 శాతం కాఫీ ఉండాలని ఆహార భద్రతా నిబంధన. అంటే మిగతా 49 శాతం దాకా చిక్కరీ ఉండొచ్చు. 60:40 పొడితో కాచిన కాఫీలో రంగు, చిక్కదనం, చేదు చాలావరకు ఆ చిక్కరీ వేరు పుణ్యమే. దానికోసం 20 వేలు పెట్టి గ్రైండర్ కొనడం బూడిదలో పోసిన పన్నీరు. అలాంటి కాఫీలో తెలిసే తేడా ఒక్కటే, పొడి తాజాదనం. పాలు లేకుండా తాగే కాఫీలో, లేదా చిక్కరీ లేని పొడితో చేసిన డికాక్షన్‌లో మాత్రం రాళ్ల పనితనం దాక్కోలేదు.

తాజాదనం గురించి ఒక మాట. చిక్కడపల్లిలోనో మరోచోటో మన కళ్లముందే గింజలు మర పట్టించి ఇచ్చే షాపులో పొడి కొని బస్సెక్కితే, బస్సంతా గుమగుమలాడుతుంది. పక్క సీటాయన "కాఫీనా అండీ?" అని అడుగుతాడు. ఆ వాసన మన గ్లాసులోకి రావాల్సిందే. దారిలోనే పోతోంది. గింజగా ఉన్నప్పుడు లోపల దాగి ఉన్న వాసన, పొడి కాగానే వేల ముక్కల ముఖాల మీదుగా గాలిలో కలిసిపోవడం మొదలవుతుంది. గట్టి మూత డబ్బాలో గింజలు వారాల తరబడి నిలుస్తాయి, పొడి రోజుల్లో చప్పబడుతుంది. పైగా షాపు మర పొద్దుట్నుంచి ఆగకుండా తిరుగుతూ వేడెక్కి ఉంటుంది, ప్యాకెట్ చేతికి వెచ్చగా తగులుతుంది. మనకన్నా ముందు వచ్చినాయన కొన్న పొడి కూడా కొద్దిగా మన ప్యాకెట్లోకి వస్తుంది.

ఇంట్లో గింజలు మర పట్టుకోవడానికి అసలు కారణం ఇదే. ఇక మర సంగతికి వద్దాం.

డబ్బు ఎక్కడికి పోతుంది?

మీ చేతిలో 5 వేలున్నాయి అనుకుందాం. చేతి మర కొంటే ఆ డబ్బులో ఎక్కువ భాగం రాళ్లకు, మధ్య ఇరుసుకు, దాన్ని పట్టుకునే బేరింగులకు పోతుంది. అందులో వేరే ఏమీ లేదు కూడా. అదే 5 వేలకు కరెంటుది కొంటే మోటారు, గేర్లు, స్విచ్చు, వైరు, సర్క్యూట్ బోర్డు, ప్లాస్టిక్ ఒళ్లు, పెద్ద అట్టపెట్టె, ఇవన్నీ అందులోంచే రావాలి. రాళ్లకు మిగిలేది చిల్లర. అందుకే ఒకే ధర దగ్గర చేతి మర దాదాపు ఎప్పుడూ మెరుగైన పొడి ఇస్తుంది. నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారం సారాంశం ఇంతే, మిగతాదంతా ఎవరి ఇంటి అవసరాన్ని బట్టి వాళ్లు వేసుకునే కూడికలు, తీసివేతలు.

చేతి మరల్లోనూ రెండు అంతస్తులున్నాయి. 1,500 నుంచి 2,500 దాకా దొరికేవి సాధారణంగా సెరామిక్ రాళ్లవి. 4 వేలు దాటాక స్టీలు రాళ్లు, పైనా కిందా రెండు బేరింగులతో ఇరుసును నిలబెట్టేవి మొదలవుతాయి. ఈ రెండో తరగతిలో మన దగ్గర ఎక్కువమంది కొనే పేర్లలో 38 మిల్లీమీటర్ల రాళ్లున్న టైమ్‌మోర్ సీ2 ఒకటి. ఇంకాస్త పైకెళ్తే 48 మిల్లీమీటర్ల రాళ్లున్న కింగ్రైండర్ కే6 లాంటివి. రాయి పెద్దదైతే ఒక్కో చుట్టుకు ఎక్కువ గింజ నలుగుతుంది, చేతికి పని తగ్గుతుంది. ధరలు పండగ సేళ్లకు ఒకలా, మామూలు రోజుల్లో ఒకలా ఉంటాయి కాబట్టి వీటిని అంచనాలుగానే తీసుకోండి.

నేను మొదట కొన్నది చవక తరగతిదే. దాని ఇరుసుకు కింద పట్టు లేదు. చేత్తో ఊపితే లోపలి రాయి అటూ ఇటూ కదిలేది. తిరగలి ఇరుసు వదులైతే పిండి ఒకవైపు ముతకగా, ఒకవైపు మెత్తగా పడటం మా నాయనమ్మకు తెలుసు. నాకే కొన్నాక తెలిసింది. ఆరు నెలలకు గింజల్లో వచ్చిన చిన్న గులకరాయి ఒకటి లోపల పడింది. 'టక్' మంది. విప్పి చూస్తే సెరామిక్ అంచు పెచ్చు లేచింది. సెరామిక్ తుప్పు పట్టదు, తొందరగా అరగదు, నిజమే. కానీ పింగాణీ పింగాణీయే. స్టీలు రాయి అదే దెబ్బకు గీత పడి ఊరుకునేది. వదులుగా అమ్మే గింజలు కొనేవాళ్లు మరలో పోసే ముందు పళ్లెంలో పరిచి బియ్యం ఏరినట్టు ఒక చూపు చూడటం మంచిది.

రాళ్లు అరగవా అని అడుగుతారు. రోజుకు 20 గ్రాముల లెక్కన ఏడాదికి 7 కిలోల పైచిలుకు. ఇంటి వాడకానికి మంచి స్టీలు రాళ్లు ఏళ్ల తరబడి నిలుస్తాయి. పూర్వం తిరగలి అరిగితే కక్కు కొట్టించినట్టు, అంటే మళ్లీ గంట్లు పెట్టించినట్టు, వీటికి చేయించే వీలు లేదు కాబట్టి, కొనేటప్పుడే విడి రాళ్లు దొరుకుతాయా లేదా అని చూసుకోవాలి.

చేయి పడే కష్టం

నా ఇప్పటి చేతి మరలో 20 గ్రాములు, ఫిల్టర్‌కు సరిపడా సన్నగా తిప్పడానికి నిమిషంన్నర పడుతుంది. ముదురుగా వేయించిన గింజ అటుకులా విరుగుతుంది, చేయి హాయిగా తిరుగుతుంది. ఈ మధ్య వచ్చే లేత రంగు గింజలు అలా కాదు. అరకు గింజలు, అవే 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినవి, వాటిని లేతగా వేయించి అమ్మినప్పుడు కొని తిప్పి చూడండి, మర ఒళ్లోంచి జారిపోతుంటుంది. మెషిన్‌లో ఒత్తిడితో తీసే ఎస్‌ప్రెసో కాఫీకి కావలసినంత సన్నగా అయితే ఇంకో నిమిషం కలుపుకోండి.

ఒక్కడికైతే ఇది వ్యాయామం కూడా కాదు. పాలు కాగేలోపు అయిపోతుంది. ఇల్లు నిండా మనుషులుంటే లెక్క మారుతుంది. నలుగురు, రెండు పూటలా, గ్లాసుకు 10 గ్రాముల చొప్పున రోజుకు 80 గ్రాములు. చేతి మరలో ఒక విడతకు పట్టేది 20, 25 గ్రాములు. అంటే నాలుగు విడతలు, ఆరు నిమిషాలు, రోజూ. వినడానికి పెద్దగా లేదు. నెలరోజులు చేసి చూడండి. మా ఇంట్లో మొదటి వారం తిప్పడానికి పిల్లలు పోటీ పడ్డారు, రెండో వారం వంతులు వేసుకున్నారు, మూడో వారం నుంచి ఆ వంతులన్నీ నావే. సంక్రాంతికి ఊరంతా ఖాళీ అవుతుంది కాబట్టి బతికిపోయాను. పెళ్లిళ్ల సీజన్లో చుట్టాలు దిగినప్పుడు మాత్రం చేతి మర అలమరలోంచి బయటికి రాలేదు.

మా అత్తయ్యగారికి మణికట్టు నొప్పి. రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు సరదాపడి ఒకసారి తిప్పారు. పది చుట్లకే ఆపేసి "అల్లుడుగారూ, దీనికన్నా మా తిరగలే నయమండీ. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని పాట పాడుకుంటూ తిప్పేవాళ్లం. దీన్ని ఒక్కళ్లే ఒళ్లో పెట్టుకుని కుస్తీ పట్టాలి" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు వాళ్లింట్లో గోడకు బిగించిన కాఫీ మర ఉండేదట. పైన గిన్నె, పక్కన పెద్ద ఇనుప పిడి. గోడే దాన్ని పట్టుకునేది కాబట్టి మనిషి పిడి తిప్పితే చాలు. ఇప్పటి చేతి మరల్లో రెండు చేతులకూ పనే, ఒకటి పట్టుకోవాలి, ఒకటి తిప్పాలి. కీళ్ల నొప్పులున్నవాళ్లకు తిప్పే చేతికన్నా పట్టుకునే చెయ్యే ముందు మొరాయిస్తుంది. పెద్దవాళ్లున్న ఇంటికి చేతి మర కొనేముందు ఈ ఒక్కటి పరీక్షించి చూడాలి. జుమ్మేరాత్ బజారులో అలాంటి గోడ మర దొరుకుతుందేమోనని రెండు గురువారాలు తిరిగాను. ఒకటి కనిపించింది కానీ దాని రాళ్లు తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. వేలాడదీసుకునేవాళ్లకు బాగుంటుంది.

చేతి మర పిడి తీసేసి, ఆ ఇరుసుకు డ్రిల్లింగ్ మెషిన్ తగిలించేవాళ్లూ ఉన్నారు. పని జరుగుతుంది. వారంటీ మాత్రం ఆ రోజుతో సరి. నిమిషానికి 80, 100 చుట్లకు చేసిన బేరింగుల మీద దాని వేగం ఎలా పనిచేస్తుందో చెప్పనక్కర్లేదు.

కరెంటు మర గురించి భయాలు, నిజాలు

కరెంటు మర కాఫీని వేడెక్కించి పాడుచేస్తుందని ఒక నమ్మకం. షాపులో గంటల తరబడి తిరిగే మరకు అది వర్తిస్తుంది. ఇంట్లో 20 గ్రాములు పది, ఇరవై సెకన్లలో నలిగి బయటపడతాయి. అంతలో రాళ్లు వేడెక్కవు. నిమిషాల తరబడి మిక్సీ తిప్పితే మాత్రం జారు అడుగు చేతికి వేడిగా తగులుతుంది, అది నిజం.

కరెంటు బిల్లు భయం ఇంకా తమాషా. 150 వాట్ల మోటారు రోజుకు రెండుసార్లు అర నిమిషం చొప్పున నెలంతా తిరిగినా ఖర్చయ్యేది 0.075 యూనిట్. రూపాయి కూడా కాదు.

అసలు ఇబ్బందులు వేరే ఉన్నాయి. మొదటిది చప్పుడు. ఐదున్నరకు లేచేవాళ్లకు, అపార్ట్‌మెంట్ గోడలు ఎంత పలచనో తెలిసినవాళ్లకు అది చిన్న విషయం కాదు. రెండోది లోపల మిగిలిపోయే పొడి. రాళ్ల నుంచి బయటి గొట్టం దాకా మూలమూలల్లో గ్రాము నుంచి కొన్ని గ్రాముల దాకా ఇరుక్కుంటుంది. నిన్నటి పొడి ఇవాళ్టి గ్లాసులోకి వస్తుంది. చేతి మరలో గింజ పోసింది దాదాపు అంతా పొడిగా కింద పడుతుంది. కరెంటు మరల్లోనూ ఎప్పటికప్పుడు తూచి పోసుకునే రకాల్లో ఈ బాధ తక్కువ, కానీ ఆ రకాల ధర ఎక్కువ.

మూడోది స్టాటిక్, అంటే రాపిడికి పుట్టే విద్యుదావేశం. హైదరాబాద్ చలికాలంలోనూ, ఏప్రిల్‌లోనూ గాలి ఎంత పొడిగా ఉంటుందో మనకు తెలుసు. ఆ రోజుల్లో పొడి గిన్నెలో పడకుండా గోడలకు, చేతికి, గట్టుకు ఎగిరి అతుక్కుంటుంది. దీనికి చిట్కా చాలా సులువు. గింజల మీద ఒక్క నీటి చుక్క చల్లి, చెంచా కాడతో కలిపి, అప్పుడు మరలో పోయాలి. ఇది వట్టి వంటింటి చిట్కా కాదు. ఓరెగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో 'మ్యాటర్' అనే పత్రికలో దీని మీద పరిశోధన ప్రచురించారు. గింజల్లో కొద్దిగా తేమ ఉంటే విద్యుదావేశం, ఉండలు కట్టడం తగ్గుతాయని తేల్చారు. ఆ బృందంలో అగ్నిపర్వతాల బూడిద మీద పనిచేసేవాళ్లు కూడా ఉన్నారు. బూడిద రేణువులు ఒకదాన్నొకటి రాసుకుని మెరుపులు పుట్టించే తీరుకూ, మన మరలో జరిగేదానికీ బంధుత్వం ఉందట. చుక్క అంటే చుక్కే. గ్లాసుతో చిలకరిస్తే స్టీలు రాళ్లు తుప్పు పడతాయి.

నాలుగోది మన ఊరికి ప్రత్యేకం. ఇక్కడ ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఒకరుంటారు. వాళ్లు వచ్చేటప్పుడు సూట్‌కేసులో కాఫీ గ్రైండర్ వస్తుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. మా బావమరిది ఎంతో ప్రేమగా తెచ్చిన మరను పిన్ను మార్చే ప్లగ్గు పెట్టి నేనే స్విచ్ వేశాను. రెండు సెకన్లు విమానంలా మోగింది. మూడో సెకనుకు కాలిన వాసన. పిన్ను మారిస్తే వోల్టేజీ మారదని ఇంజనీరింగ్ చదివిన నాకు తెలియక కాదు, కాఫీ ఆత్రం. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటే పనిచేస్తుంది, కానీ ఇటుకంత బరువుండే ఆ పెట్టెను కూడా వంటింటి గట్టు మీద పెట్టుకోవాలి. అమెరికా నుంచి తెప్పించుకునేట్టయితే చేతి మరే తెప్పించుకోండి. దానికి వోల్టేజీ పట్టింపు లేదు.

రిపేరు సంగతి కూడా ఇక్కడే. మిక్సీ కార్బన్ బ్రష్షు పోతే వీధి చివర షాపులో ఇవాళ ఇచ్చి రేపు తెచ్చుకోవచ్చు. బయటిదేశపు కాఫీ మర సర్క్యూట్ బోర్డు పోతే అదే షాపతను దాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక్కిచ్చి, "కంపెనీకే పంపండి సార్" అంటాడు.

ఇన్ని చెప్పాక కరెంటు మర ఎందుకు కొనాలి? కొనాల్సిన ఇళ్లు చాలానే ఉన్నాయి. ముగ్గురు, నలుగురు రోజూ తాగే ఇల్లు. చేతుల నొప్పులున్న ఇల్లు. తెల్లారి ఆఫీసు క్యాబ్ కింద హారన్ కొడుతుంటే ఒక్క నిమిషం కూడా లేని ఇల్లు. కాకపోతే 5, 8 వేల మధ్య దొరికే కరెంటు 'బర్' మరల జోలికి వెళ్లవద్దనే నా సలహా. పేరుకు రాళ్లుంటాయి, పొడి మాత్రం మిక్సీకి అన్నలా ఉంటుంది. ఛార్జింగ్‌తో నడిచే పొడుగాటి మరలదీ చాలావరకు అదే దారి. నమ్మదగ్గ కరెంటు మర 15 వేల పైనుంచే మొదలవుతుంది. బరాట్జా ఎంకోర్ ఈ తరగతిలో పాత కాపు. సన్నం నుంచి ముతక దాకా 40 మెట్లుంటాయి, విడి భాగాలు దొరుకుతాయి. అంత పెట్టలేకపోతే 5 వేలకు మంచి చేతి మర కొని, మిగిలిన 10 వేలు గింజల మీద పెట్టడం తెలివైన పని.

ఎస్‌ప్రెసో మెషిన్ కొన్నవాళ్లది ఇంకో లోకం. అక్కడ నీరు ఒత్తిడితో 25, 30 సెకన్లలో పొడిలోంచి దూసుకొస్తుంది. పొడిలో కొద్దిపాటి తేడాకు కూడా సెకన్లు మారిపోతాయి. వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) అనుకుంటే, ఎస్‌ప్రెసోకు సందును అందులో నాలుగో, ఐదో వంతు చొప్పున జరపగలగాలి. కింగ్రైండర్ కే6లో సందు సరిచేసే చక్రం తిప్పితే ఒక్కో క్లిక్‌కు 16 మైక్రాన్లు జరుగుతుంది, కాబట్టి దానితో కుదురుతుంది. చాలా చేతి మరల్లో క్లిక్ అంతకన్నా పెద్దది, ఒక క్లిక్‌లో కాఫీ పరుగెడుతుంది, పక్క క్లిక్‌లో చుక్క దిగదు. కరెంటువి అన్నీ పనికొస్తాయనుకోవద్దు. ఫెలో ఓడ్ లాంటి ఖరీదైన మర కూడా ఎస్‌ప్రెసో కోసం చేసింది కాదు. మెషిన్ మీద 40 వేలు పెట్టి గ్రైండర్ తర్వాత చూద్దాంలే అనుకున్నవాళ్లను ఒకరిద్దరిని ఎరుగుదును. ఆ మెషిన్లు ఇప్పుడు పాలు మరిగించడానికి వాడుతున్నారు.

అసలు మరే అక్కర్లేని ఇళ్లు కూడా ఉన్నాయి. చిక్కరీ పొడి, పాలు, చక్కెరతో హాయిగా ఉన్నవాళ్లు షాపుకు వారం వారం వెళ్లి, నెలకు సరిపడా కాకుండా 200 గ్రాములే పట్టించుకుంటే చాలు. ఖర్చు పైసా పెరగదు, రుచి తేడా రెండో రోజే తెలుస్తుంది. గింజలు కొని ఇంట్లో మర పట్టుకుంటూ చిక్కరీ కూడా కావాలనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చిక్కరీని పొడిగానే కొని విడిగా ఉంచుకోండి. అది వేరును వేయించి చేసింది, గాలిలో తేమ పీల్చుకుని జిగురు కడుతుంది. వానాకాలంలో దాన్ని రాళ్ల మధ్య పోస్తే తీయడం మన వల్ల కాదు. డికాక్షన్ వేసేటప్పుడు చెంచాతో కలుపుకుంటే మర బతుకుతుంది, పాళ్లు కూడా మన చేతిలో ఉంటాయి.

ఇప్పటికిప్పుడు మిక్సీ తప్ప ఏమీ లేదంటే అదీ ఫర్వాలేదు. జారులో ముందు రెండు చెంచాల పొడి బియ్యం తిప్పి పారేయండి, నిన్నటి ధనియాల వాసన చాలావరకు పోతుంది. గింజలు కొద్దిగా వేసి, రెండేసి సెకన్లు తిప్పి ఆపుతూ, ప్రతిసారీ జారును కుదిపి, చివర్లో జల్లించుకోండి. జల్లెట్లో మిగిలినవి మళ్లీ వేయండి. ఆ బియ్యం చిట్కా రాళ్ల మరలో మాత్రం చేయకండి, కొన్ని మోటార్లు బియ్యానికి ఆగిపోతాయి. రాళ్ల మరకు పది, పదిహేను రోజులకోసారి విప్పి పొడి బ్రష్‌తో దులపడమే శుభ్రం. దులపకపోతే అంటుకున్న కాఫీ నూనె ముక్కిపోయిన వాసన పట్టి, ఎంత మంచి గింజ పోసినా అదే వాసన వస్తుంది.

ఏ మర కొన్నా మొదటి వారం సందు కుదుర్చుకోవడంతోనే సరిపోతుంది. చేతి మరలో రాళ్లు ఒకదానికొకటి తగిలి పిడి తిరగకుండా ఆగే చోటు సున్నా. అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టుకోవాలి. మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి ఫిల్టర్ వేయండి. డికాక్షన్ గబగబా దిగి టీలా ఉంటే రెండు క్లిక్కులు సన్నగా చేయండి. అరగంటైనా సగమే దిగితే రెండు క్లిక్కులు ముతకగా. గింజలు మార్చినప్పుడు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఈ అంకెలు ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోకపోతే మర్చిపోతారు. మా ఇంట్లో అవి కాఫీ డబ్బా మూత మీద మార్కర్‌తో రాసి ఉంటాయి: 'ఫిల్టర్ 14. నాన్నకు 16.' నాన్నకు పలచటి కాఫీ అలవాటు. ఆ రెండు క్లిక్కులూ ఆయనే స్వయంగా తిప్పుకుంటారు.